రొయ్య మీద సంతకం

1719లో లండన్ వీధుల్లో పూల అద్దకం గౌను తొడుక్కుని నడవడం ఆడవాళ్ళకు ప్రాణసంకటమైంది. పనులు పోయిన నేతగాళ్ళు గుంపులుగా మీదపడి ఒంటి మీది బట్ట చింపేవారు, సిరా చల్లేవారు. వాళ్ళ కోపమంతా ఇండియా అద్దకం మీద. ఆ అద్దకాల్లో మచిలీపట్నం సరుకుకు పెట్టింది పేరు. చిరువేరుతో ఎక్కించిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసేది కాదు. 1700లోనే ఒక చట్టంతో రంగు అద్దకాల దిగుమతికి అడ్డుకట్ట వేసిన ఇంగ్లండ్ పార్లమెంటు, 1721లో మరో చట్టం తెచ్చి అద్దకం బట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది. ఈస్టిండియా కంపెనీ ఏమీ మునిగిపోలేదు. సరుకును లండన్ రేవులో దించి తక్కిన యూరప్‌కు మళ్ళించుకుంది. బందరు అద్దకపువాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మూడు వందల ఏళ్ళ తర్వాత అదే తీరం నుంచి రొయ్య ఓడెక్కుతోంది. ఇప్పుడు దాని మీద సుంకం వేయడానికి పార్లమెంటు కూడా అక్కర్లేకపోయింది.

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ దిగువ డెల్టా వరి దేశమైంది. కృష్ణా జిల్లాలోని ఘంటసాల, శ్రీకాకుళం, చల్లపల్లి, అవనిగడ్డ, అటు గుడివాడ దాకా ఎటు చూసినా మాగాణే. భూమి ఎక్కడ పోగుపడిందో పోరూ అక్కడే పుట్టింది. చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం రైతు కూలీలు దశాబ్దాల పాటు కొట్లాడారు. కమ్యూనిస్టు పార్టీకి పాతికేళ్ళకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావు ఈ జిల్లా మంగళాపురం మనిషే. 1952 ఎన్నికల్లో మచిలీపట్నం, గుడివాడ లోక్‌సభ స్థానాలు రెండూ కమ్యూనిస్టులకే దక్కాయి. ఆ రాజకీయానికి ఆయువుపట్టు కూలిదినం. నారుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు అంటూ ఎకరం వరి ఏడాదిలో ఎన్నో చేతులకు పని పెట్టేది. పనలు కట్టడం తెలిసిన చేతులవి.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళే సముద్రంలో కలిశాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పది వేల దాకా ఉన్నారు. నీళ్ళు వెనక్కి తీశాక పొలాల్లో ఉప్పు మిగిలింది. ఆ ఏడాదే డిసెంబరు 28న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. విదేశాల నుంచి ముప్పు వచ్చినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి ఆర్థిక లావాదేవీలను అదుపు చేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే చట్టం అది. విచిత్రమేమంటే, అధ్యక్షుల చేతిలో అప్పటికే మితిమీరిన అత్యవసర అధికారాలకు కళ్ళెం వేద్దామని దాన్ని తెచ్చారు. 1971 ఆగస్టులో నిక్సన్ దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేశాక, దాన్ని సమర్థించుకోవడానికి అమెరికా ప్రభుత్వం కోర్టులో 1917 నాటి యుద్ధకాలపు చట్టాన్ని ఆశ్రయించింది. యుద్ధకాలపు చట్టాన్ని శాంతికాలంలో అలా ఇష్టమొచ్చినట్టు వాడకూడదన్నది అమెరికా కాంగ్రెస్ ఆలోచన. దివిసీమ ఉప్పెనకూ ఈ చట్టానికీ అప్పట్లో ఏ చుట్టరికమూ లేదు.

ఆ చుట్టరికం రొయ్య కలిపింది.

1990ల మొదట్లో టైగర్ రొయ్య తీరమంతా పాకింది. ఉప్పు తగిలిన భూమి సరే, మంచి మాగాణిని కూడా తవ్వి గట్లు పోశారు. మూడో నాలుగో పంటలు డబ్బు కళ్ళజూపాయి. 1994, 95లో తెల్లమచ్చ రోగం దిగింది. పొద్దున్నే చెరువు అంచుకు వచ్చి తేలే రొయ్య, డొప్ప మీద సున్నపు చుక్కల్లాంటి మచ్చలు, రెండు మూడు రోజుల్లో చెరువంతా ఖాళీ. ఈలోగా పక్క పొలాలకు ఉప్పు ఎక్కింది, తాగే నీళ్ళు చెడ్డాయి. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువులను తొలగించమనీ, సాగుభూములను చెరువులుగా మార్చొద్దనీ తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీని పెట్టింది. చెరువులు నిలిచాయి.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఇది ఇక్కడి జీవి కాదు, పసిఫిక్ తీరంలో మెక్సికో నుంచి పెరూ వరకు పుట్టి పెరిగేది. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. అక్కడ క్వారంటైన్ అయ్యాక హ్యాచరీలకు, వాటి పిల్లలు బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక చెరువులకు చేరతాయి. ఏరేటర్ల కరెంటు బిల్లు, మేత బస్తాల అప్పు, లీజు డబ్బు అన్నీ మోసి పెంచాక, పట్టుబడి నాడు కిలోకు ఎన్ని తూగాయో చూసి కౌంటు కడతారు. 30 కౌంటుదొక రేటు, 100 కౌంటుదొక రేటు. తర్వాత ప్లాంటులో ఆడవాళ్ళు చల్లనీళ్ళలో చేతులు ముంచి తల తీసి, పొట్టు వలిచి, నరం లాగుతారు. ఐసు కట్టిన రొయ్య మళ్ళీ అమెరికాకే పోతుంది. ఈ సరుకుకు అదే అతిపెద్ద కొనుగోలుదారు.

అమెరికా అడ్డుపుల్లలు ట్రంప్‌తో మొదలైనవి కావు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరపు అమెరికా రొయ్యల వేటగాళ్ళ ఫిర్యాదుపై 2005లో ఇండియా సహా పలు దేశాల రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. అప్పటి ఒక చట్టం ప్రకారం అలా వసూలైన డబ్బును ఫిర్యాదు చేసినవాళ్ళకే పంచిపెట్టేవారు కూడా. 2024లో సబ్సిడీల పేరు చెప్పి ఇంకో సుంకం వేశారు. ఆ వేటగాళ్ళు శత్రువులని అనుకుంటే పొరపాటు. వాళ్ళలో చాలామంది యుద్ధం తరిమితే వచ్చిన వియత్నాం కుటుంబాలు. 1981లో టెక్సాస్ తీరంలో కూ క్లక్స్ క్లాన్ ముఠా వాళ్ళను బెదిరిస్తే కోర్టుకెక్కి నెగ్గినవాళ్ళు. డీజిల్ ధర, 2010 నాటి చమురు ఒలుకు, పెద్ద కొనుగోలుదారు చెప్పిందే రేటు కావడం: వాళ్ళ కష్టాలు విన్న కోడూరు రైతుకు వింతగా అనిపించేది ఏమీ ఉండదు.

పాత సుంకాలకు ఓ విచారణ, లెక్కాపత్రం ఉండేవి. 2025లో అవీ పోయాయి. ఏప్రిల్ 2న ట్రంప్ 1977 చట్టాన్ని పట్టుకుని ఇండియాకు 26 శాతం అన్నారు, తర్వాత ఆపారు. ఆగస్టు 7న 25 శాతం వేశారు. రష్యా చమురు కొంటున్నారని ఆగస్టు 27 నుంచి ఇంకో 25. పాతవి కలుపుకుంటే అప్పుడు రొయ్య మీద భారం దాదాపు 60 శాతం అయింది. రష్యా చమురుకూ దివిసీమ చెరువుకూ సంబంధమేమిటని అడగడానికి ఇక్కడి రైతుకు వేదికే లేకపోయింది. పన్నులు, సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌దని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. కళ్ళెంగా చేసిన చట్టమే కొరడా అయి కూర్చుంది.

ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి రాసిన లేఖలో సగం ఆర్డర్లు రద్దయ్యాయనీ, నష్టం రూ.25 వేల కోట్లనీ అంచనా వేశారు. ఆ నష్టం పైనుంచి కిందికి ఎలా దిగుతుందో ఆ లేఖలో కనబడదు. సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. ఆయన ఎగుమతిదారు దగ్గర కోస్తాడు, ఎగుమతిదారు కమీషన్ ఏజెంటు దగ్గర, ఏజెంటు చెరువు గట్టు మీద. లీజు రైతుకు కోయడానికి ఇక ఎవరూ లేరు. ప్లాంటులో వలిచే ఆడవాళ్ళకు పనిదినాలు తెగుతాయి. 2025 మే నెలలో అమెరికా వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న అప్పీలు కోర్టు 1977 చట్టం పేరుతో వేసిన సుంకాలు చట్టానికి విరుద్ధమన్నాయి. నవంబరు 5న అక్కడి సుప్రీంకోర్టు వాదనలు విన్నది. వ్యాజ్యం వేసినవాళ్ళు పిల్లల బొమ్మల కంపెనీ, వైన్ దిగుమతిదారు లాంటివాళ్ళు. సుంకం సొమ్ము వెనక్కి వస్తే కట్టినవాళ్ళకే వస్తుంది. ఆగస్టులో తక్కువకు అమ్ముకున్న చెరువు దాకా రాదు.

కాబట్టి సర్కారు ఎగుమతిదారులకు రాయితీలు ప్రకటించే ముందు రెండు పనులు చేయాలి. ఊరూరా చెరువు ఎవరి పేరున ఉందో, సాగు చేస్తున్నదెవరో, ప్లాంట్లలో వలుస్తున్నదెవరో పేర్లు రాయించి, గ్రామసభలో చదివించి, సాయం ఆ జాబితా ప్రకారమే పంచాలి. గట్టు రేటు ఇంతకు తగ్గకూడదని కొనేవాళ్ళను ఒప్పించాలి. వాషింగ్టన్‌లో పడే సంతకాన్ని ఆపడం అమరావతి వల్ల కాదు. ఈ రెండు పనులూ మాత్రం అమరావతి చేతిలోనివే.