కెమేరా బరువు ఎవరి తలమీద?

భద్రాచలానికి దిగువన గోదావరి ఒడ్డున పోలవరం ముంపు పరిధిలోకి వచ్చే ఊళ్లను చిత్రించిపెట్టుకోవాలని బయలుదేరుతున్న ఒక మిత్రుడు ఈమధ్య నన్ను పాత ప్రశ్నే అడిగాడు: ప్రవేశస్థాయి డీఎస్ఎల్ఆర్ కొనడమా, జేబులో ఇమిడే చిన్న కెమేరాతో సరిపెట్టుకోవడమా? 2003లో కేనన్ సంస్థ తన 300డీని వెయ్యి డాలర్ల లోపు ధరకు విడుదల చేసినప్పుడు, 2006లో నికాన్ డీ40 వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఈ చర్చతో రాత్రులు గడిపినవాళ్లమే. ఆ తరువాత ఫోన్లు చిన్న కెమేరాలను దాదాపు మింగేశాయి; అద్దంలేని కెమేరాలు వచ్చి చవక డీఎస్ఎల్ఆర్‌లను పక్కకు నెట్టాయి. అయినా రెండూ పాతసరుకు బజారులో దొరుకుతూనే ఉన్నాయి గనుక ప్రశ్న ఇంకా చావలేదు.

నిజానికి ఈ ప్రశ్న వయస్సు ఇరవై ఏళ్లు కాదు, నూటయాభై ఏళ్లు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల చరిత్రను కెమేరా వైపు నుంచి చదివితే నాకు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. ఇక్కడ ఎవరి బొమ్మ మిగిలింది, ఎవరిది మిగల్లేదు అన్నదాన్ని చాలావరకు పెట్టె బరువే తేల్చింది. ఆ పెట్టెను మోసింది మాత్రం దాని యజమాని కాదు.

మొదటి కాలం సంగతి చూడండి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజు పలకమీద కొలోడియన్ పూత పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, అది ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడగాలి. చేతిలో ఉన్న వ్యవధి పది పదిహేను నిమిషాలు. అంటే ఛాయాగ్రాహకుడితో పాటు చీకటి గుడారం, గాజు పలకల పెట్టె, రసాయనాల సీసాలు, నీళ్లు అన్నీ ప్రయాణం చేయాలి. కొలోడియన్‌లో ఉండేది ఈథరు. అది మరిగే వేడి సుమారు 35 డిగ్రీలు. కొత్తగూడెం, భద్రాచలం వేసవి ఎరిగినవారికి ఇక వేరే చెప్పనక్కరలేదు. మన వైశాఖంలో ఆ సీసా మూత తీయడమే సాహసం.

అందుకే ఆ రోజుల్లో ఈ ప్రాంతాన్ని పట్టుకున్నది కెమేరా కాదు, కలం. 1860లో నిజాం నుంచి ఆంగ్లేయుల చేతికి వెళ్లిన భద్రాచలం తాలూకా మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఆ దశాబ్దంలోనే దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించీ కోయల గురించీ 'ఇండియన్ యాంటిక్వెరీ'లో వ్యాసాలు రాశాడు. కోయల పెళ్లిళ్లు, చావులు, దేవతలు, భాష అన్నీ అందులో ఉన్నాయి. మిషనరీ చూపుతో రాసినవే. ఆ చూపులోని తక్కువభావాన్ని వడగట్టుకొనే చదువుకోవాలి. అయినా ఆ కాలపు కోయపల్లెల్లోకి మనం తొంగిచూడాలంటే దారి ఆ వ్యాసాలే. గాజు పలకలు చేరని చోటికి కాగితం చేరింది.

గాజు పలకలు చేరిన చోటు ఎలాంటిదో తెలియాలంటే లాలా దీన్‌దయాళ్‌ను చూడాలి. 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా ముసవ్విర్ జంగ్ అనిపించుకున్న గొప్ప పనితనం ఆయనది. 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి వరంగల్లు వైపు అడవుల్లో వేటాడాడు. అప్పుడు దీన్‌దయాళ్ తీసిన బొమ్మ నేటికీ పుస్తకాల్లో తిరుగుతోంది: వైస్రాయి, ఆయన భార్య, కాళ్లదగ్గర చచ్చిన పులి. ఖమ్మం అప్పుడు వరంగల్లు జిల్లాలో భాగం. అడవి కూడా తెగకుండా సాగిన ఒకే అడవి. ఆ బొమ్మను నేను తక్కువచేయడం లేదు. కాని పులిని పొదల్లోంచి తరుముకొచ్చినవారికి ఆ బొమ్మ పేరులో చోటు లేదు. పెద్ద కెమేరా రాజ్యం వెంట నడిచింది. రాజ్యం ఎవరిని చూడమంటే వారినే చూసింది.

ఇక్కడ వెట్టి సంగతి చెప్పక తప్పదు. నిజాం రాజ్యంలో అధికారి ఊరికి వస్తే అతని సామాను మరుసటి విడిదికి మోయడం వెట్టిలో ఒక భాగం. కూలి ఉండదు. కాదనే వీలుండదు. కాబట్టి ఆ కాలంలో 'ఈ కెమేరా ఎంత బరువు?' అన్న ప్రశ్న దొరగారికి తట్టి ఉండదు. బరువు తెలిసేది మోసేవాడి మెడకు. మనం ఇవాళ అంగడిలో నాలుగువందల డెబ్బై గ్రాములా, నూటయాభై గ్రాములా అని తూకం వేసుకుంటున్నామంటే, మన సామాను మనమే మోసుకొనే రోజులు వచ్చాయన్నమాట. ఈ చర్చలో నాకు మిక్కిలి నచ్చే అంశం ఇదే.

1888లో ఈస్ట్‌మన్ కోడక్ పెట్టె వచ్చింది. నూరు బొమ్మల చుట్ట, అయిపోయాక కెమేరాతో సహా కర్మాగారానికి పంపడం. 1900లో ఒక్క డాలరు బ్రౌనీ వచ్చింది. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా వెలువడింది. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి 24, 36 మిల్లీమీటర్ల చిన్న చట్రంలో బొమ్మ తీసే యంత్రం. నాటి 'ఫుల్ ప్లేట్' గాజు పలక ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు. లెక్క వేస్తే దాని వైశాల్యం లైకా చట్రానికి 41 రెట్లు. పెద్ద కెమేరాలవారు లైకాను ఆటబొమ్మ అన్నారంటే ఆశ్చర్యమేముంది? మనం 'ఫుల్ ఫ్రేమ్' అని గౌరవంగా పిలుచుకుంటున్నది సరిగ్గా ఆ ఆటబొమ్మ కొలతనే.

పెట్టె చిన్నదైనంత మాత్రాన ఎదుటివాడి భయం చిన్నది కాలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణాది కులాలు, తెగల గ్రంథానికి ఉపోద్ఘాతంలో ఒక ముచ్చట ఉంది. నీలగిరుల్లో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కొయ్యను చూసి ఉరికంబం అనుకుని కొలతకు ససేమిరా అన్నాడట. వాయనాడు పణియ స్త్రీలు తమలో చక్కనివారిని పట్టుకెళ్లి గడ్డి కూరి మ్యూజియంలో పెడతారని బెదిరారట. థర్స్టన్ వీటిని హాస్యంగా రాశాడు. నాకు నవ్వు రాదు. కొలబద్ద, కెమేరా, పోలీసు కలిసి వచ్చినప్పుడు ఆ మనిషి చేసిన అంచనా మరీ అంత తప్పేమీ కాదు.

ఇక మన గోదావరి కొండలకు నిజంగా కెమేరా వచ్చి కూర్చున్న కథ. 1939లో ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఇక్కడ ఉండగా యుద్ధం మొదలైంది. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందున ఆయన కదలికలు నిజాం రాజ్యానికి పరిమితమయ్యాయి. ఆ నిర్బంధమే మనకు వరమైంది. చెంచులపై 1943లో, కొండరెడ్లపై 1945లో, ఆదిలాబాద్ రాజగోండులపై 1948లో పుస్తకాలు వచ్చాయి. వీటిలో రెండవది మన పాపికొండల ప్రాంతానిది. భార్య ఎలిజబెత్ (అందరికీ బెట్టీ) సహకారంతో రాసినది. పేరంటాలపల్లి వంటి ఏటి ఒడ్డు ఊళ్లు, కొండలపై చెదురుమదురు గుడిసెలు, పోడు, వెదురు పని, అప్పుల పేరిట కొండరెడ్లచేత వెదురూ కలపా కొట్టించుకొనే వ్యాపారుల పట్టు అన్నీ అందులో ఉన్నాయి.

ఆయన దగ్గర ఉన్నది గాజు పలకలు కాదు, ఫిల్ము. దానివల్ల వచ్చిన తేడాను కేవలం సౌకర్యం అనలేం. చీకటి గుడారం అక్కరలేదు గనుక ఒక ఊళ్లో వారాల తరబడి ఉండవచ్చు. కడగడం తరువాత చూసుకోవచ్చు. ముందుగా మనుషులు అలవాటుపడతారు, బొమ్మ తరువాత వస్తుంది. దీన్‌దయాళ్ పులి బొమ్మ ఒక ఘటనకు గుర్తు. హైమెన్‌డార్ఫ్ బొమ్మలు రోజువారీ బ్రతుకుకు గుర్తు. ఆయన 1970లలో మళ్లీ ఇదే జనాల మధ్యకు వచ్చి, అప్పటికీ ఇప్పటికీ పోలుస్తూ 1982లో ఇంకో పుస్తకం వెలువరించాడు. తన ఫొటోలు, చలనచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థకు చేరాయి. వేల బొమ్మల ఆ భాండారంలో చాలా భాగాన్ని ఇప్పుడు అంతర్జాలంలో చూడవచ్చు. ఏటి ఒడ్డు కొండరెడ్డి తన తాతల కాలపు ఊరిని చూడాలంటే లండన్ గుమ్మం తట్టాలి. ఇది మనకు గర్వకారణం కాదు.

ఆ తరువాతి దశాబ్దాలను త్వరగా దాటేస్తాను. 1965లో భద్రాచలం వంతెన తెరుచుకున్నాక బస్సులూ యాత్రికులూ పెరిగారు. (రైలు దిగేవారు మాత్రం 'భద్రాచలం రోడ్డు' అన్న పలక చూసి కొత్తగూడెంలో దిగి, ఇంకా నలభై కిలోమీటర్లు ఉందని తెలుసుకొని నోరెళ్లబెట్టడం ఒక సంప్రదాయం.) ఆగ్ఫా క్లిక్ త్రీ మధ్యతరగతి చేతికి వచ్చింది, ఎనభైలలో హాట్‌షాట్ వచ్చింది. చిన్న కెమేరా వెళ్లింది పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ. అడవిలోకి కాదు. పైగా 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అటువంటి వరదలో తడిసిన ఆల్బములో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతే విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్న. అడవిలో అసలు కరవు వెలుతురుది. టేకు, వెదురు నీడలో మధ్యాహ్నమే మసక. గుడిసె లోపల చూరు కిందినుంచి వచ్చే వెలుగే దిక్కు. కొమ్ముకోయల ఆట చాలాసార్లు రాత్రి మంట వెలుగులో సాగుతుంది. చవక చిన్న కెమేరాలో వెలుతురు పట్టే చిప్పు సుమారు 5.8, 4.3 మిల్లీమీటర్లు, కేనన్ 300డీ తరగతిలో 22, 15 మిల్లీమీటర్లకు దగ్గర. వైశాల్యంలో పదమూడు రెట్లు తేడా. దీనికి ఎఫ్/1.8 కన్నున్న చవక 50 ఎం.ఎం. కటకం తగిలిస్తే, అదే దూరానికి తెరిచిన కిట్ కటకం ఎఫ్/5.6 కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. చిన్న కెమేరా అదే చోట ఫ్లాష్ వెలిగిస్తుంది. అంతే, మంట చచ్చిపోతుంది, ముఖం సున్నం కొట్టిన గోడలా తేలుతుంది, వెనుక ఊరు చీకట్లో కలుస్తుంది. ముంపు ఊరి బొమ్మలో ఆ వెనుక ఉన్న ఊరే కదా కావలసింది!

చిన్నదాని పక్షాన కూడా రెండు మాటలు ఉన్నాయి. కేనన్ పవర్‌షాట్ ఏ వరుసలో చాలావాటికి మామూలు పెన్సిలు సెల్లులు సరిపోతాయి. అవి ఏ వారపు సంతలోనైనా దొరుకుతాయి. డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ వందల బొమ్మలు ఇస్తుంది కాని, అయిపోయాక కరెంటు ఉన్న ఊరు వెతుక్కోవాలి. రెండవది, ఎదురుగా పెద్ద కటకం కనబడితే మనుషులు బిగుసుకుపోతారని అంటారు. ఇది నిజమే గాని లోపమని నేను అనుకోను. పంచె సవరించుకొని, తల దువ్వుకొని, నిటారుగా నిలబడిన పెద్దమనిషి తాను ఎలా మిగలాలనుకున్నాడో చెబుతున్నాడు. ఎవరూ చూడకుండా జేబులోంచి తీసిన బొమ్మలో ఆ మాట చెప్పే అవకాశం అతనికి దక్కదు. థర్స్టన్ చేతిలో దక్కనిది అదే.

కాబట్టి నా ఓటు పాత డీఎస్ఎల్ఆర్‌కే, ఒక్క 50 ఎం.ఎం. కటకంతో. సొంత యాత్రాస్మృతులకైతే చిన్నదే చాలును. కాని నీళ్లలోకి పోయే ఊరికి రెండవ అవకాశం ఉండదు. నికాన్ డీ40లో ఫోకస్ మోటారు లేదు. పాత 50 ఎం.ఎం. కటకాన్ని చేత్తో తిప్పుకోవాలి, లేదా 2009లో వచ్చిన 35 ఎం.ఎం. ఎఫ్/1.8 వెతుక్కోవాలి. వానాకాలపు తేమకు కటకాల్లో బూజు పడుతుంది. సిలికా జెల్ సంచులు, బిగుతు మూత ఉన్న డబ్బా తప్పనిసరి. తీసినవాటిని అచ్చువేయించి ఎవరివి వారికి ఇచ్చి రావాలి. బొమ్మలు లండన్ చేరే ముందు పేరంటాలపల్లి చేరాలి.

బొమ్మ వెనుక ఊరి పేరుతో పాటు సంవత్సరం కూడా రాయమని అతనికి చెప్పాను. పేరంటాలపల్లి ఉన్న వేలేరుపాడు వైపు ఒడ్డు హైమెన్‌డార్ఫ్ నాటికి నిజాం రాజ్యంలో వరంగల్లు జిల్లా. 1953 నుంచి ఖమ్మం జిల్లా. 2014లో ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు మారి పశ్చిమ గోదావరి. 2022లో ఏలూరు జిల్లా. ఎదుటి ఒడ్డున భద్రాచలం 1959లో ఖమ్మంలో కలిసి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కెమేరా గడియారం తేదీని రాసుకుంటుంది గాని, ఆ తేదీన ఆ ఊరు ఎవరిదో రాసుకోదు.