కుక్క రక్తానికి ప్రతిపదార్థం

యాప్రాల్‌లో కంటోన్మెంటు పక్కన అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్లు కనిపిస్తాయి. శామీర్‌పేట, మేడ్చల్ వైపు పోతే బర్రెల కొట్టాలు. రెంటి రక్తమూ ల్యాబ్ నుంచి ఒకేలాంటి కాగితమై తిరిగొస్తుంది. పైన 'ఎల్.ఎఫ్.టి.' అని శీర్షిక, కింద వరసగా అంకెలు, కొన్నిటి పక్కన బాణం గుర్తు. కాలేయం పనితీరు పరీక్ష అని దాని అర్థం గానీ, అందులో సగం పనితీరు చెప్పేవి కావు. అందుకే పద్యానికి చెప్పినట్టు పదం పదం విప్పుకోవాలి.

రెఫరెన్స్ రేంజ్: మొదట చదవాల్సింది చివరి గడి. దగ్గర్లో ఉందని మనుషుల ల్యాబులో కుక్క రక్తం ఇస్తే, పక్కన మనిషి హద్దులే అచ్చవుతాయి. ఆల్బుమిన్ మనిషికి డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు. కుక్కకు సుమారు 2.6 నుంచి 4. అంటే 2.9 ఉన్న ఆరోగ్యమైన కుక్కకు 'తక్కువ' అని పడుతుంది. ఎస్.జి.పి.టి. 70 ఉంటే 'ఎక్కువ' అని పడుతుంది, కుక్కలో అది మామూలే. పైగా కొన్ని యంత్రాల్లో వాడే బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు మనిషి ఆల్బుమిన్‌ను పట్టుకున్నట్టు కుక్కదాన్ని పట్టుకోదు. పశువులకు బ్రోమోక్రెసాల్ గ్రీన్ నయం.

టోటల్ ప్రోటీన్: ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ కలిపిన మొత్తం. గడ్డకట్టించి తీసిన సీరంలో కన్నా ప్లాస్మాలో కాస్త ఎక్కువ వస్తుంది, ఫైబ్రినోజన్ అందులోనే ఉండిపోతుంది కాబట్టి. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిన జంతువులో ఈ అంకె మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. సెలైన్ ఎక్కించాక అసలు లోటు బయటపడుతుంది. దూడల్లో మాత్రం దీని విలువే వేరు. తల్లి గర్భంలో దూడకు రోగనిరోధక ప్రోటీన్లు అందవు, జున్నుపాలే దిక్కు. పేగు వాటిని లోనికి తీసుకునేది మొదటి 24 గంటల్లోనే. ఆవుదూడకు మొదటివారంలో సీరం ప్రోటీన్ డెసిలీటరుకు 5.2 గ్రాములు దాటితే పాలు అందినట్టే లెక్క. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరుతో కొట్టంలోనే చూడొచ్చు.

ఆల్బుమిన్: ఈ కాగితంలో నిజంగా కాలేయం పని గురించి చెప్పేది ఇది. చిత్రమేమిటంటే దీన్ని ప్రోటీన్ల వరసలో పెట్టి వదిలేస్తారు. తయారీ కాలేయంలోనే. అయినా తగ్గగానే కాలేయాన్ని అనుమానించనక్కర్లేదు: మూత్రపిండం నుంచి కారిపోవచ్చు, పేగు నుంచి పోవచ్చు, ఎక్కడో వాపు ఉంటే కాలేయమే తయారీ తగ్గించుకోవచ్చు. కాలేయంలో చాలా భాగం చెడితే తప్ప అంకె పడదు. పడినా నిదానంగానే, ఎందుకంటే కుక్కలో దీని సగం ఆయుష్షు సుమారు 8 రోజులు, పశువుల్లో 16 రోజుల పైమాట. నిన్న విషం తిన్న కుక్కలో ఆల్బుమిన్ బాగుందని ధైర్యపడటం తొందరపాటు. 1.5కి దిగితే నీరు రక్తనాళాల్లో నిలవదు, కుక్క పొట్ట ఉబ్బుతుంది. చెరువు కింద మేసే బర్రెకు దవడ కింద నీటి వాపు వస్తే కార్జపు జలగల్ని తలచుకోవాలి. అవి నత్తల ద్వారా పచ్చికకు చేరి, కడుపులోకి పోయి, పైత్యనాళాల్లో కాపురం పెట్టి రక్తం తాగుతాయి. ఇక ఆల్బుమిన్ ఎక్కువైందంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం, ఒంట్లో నీరు తగ్గడం.

గ్లోబ్యులిన్: కొలిచేది కాదు, మొత్తంలోంచి ఆల్బుమిన్ తీసేయగా మిగిలేది. పిడుదులు పట్టిన కుక్కలో ఎర్లీకియా అనే క్రిమి పాతుకుంటే ఇది బాగా పెరుగుతుంది, ఆల్బుమిన్ తగ్గుతుంది. టోటల్ ప్రోటీన్ మాత్రం మధ్యలో అమాయకంగా నిలబడి ఉండొచ్చు. ఏ/జి రేషియో చూడమనేది అందుకే.

ఎస్.జి.పి.టి.: ఇప్పటి పేరు ఏ.ఎల్.టి. ఇది కాలేయ కణాల్లో ఉండే ఎంజైము; కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. చెప్పేది దెబ్బ గురించి, పని గురించి కాదు. ఎండిపోయిన కాలేయంలో కారడానికి కణాలే మిగలక అంకె మామూలుగా ఉండటం కద్దు. కుక్కకు, పిల్లికి నమ్మదగ్గది. ఆవు, బర్రె, మేక, గుర్రాల కాలేయంలో ఇది ఉండేదే కొంచెం. బర్రె రిపోర్టులో ఎస్.జి.పి.టి. బాగుందని సంతోషించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అక్కడ జి.ఎల్.డి.హెచ్., జి.జి.టి. అనే ఎంజైములు అడగాలి.

ఎస్.జి.ఓ.టి.: 1954లో న్యూయార్క్‌లో కార్మెన్, రోబ్లెవ్‌స్కీ, లాడ్యూ దీన్ని గుండెపోటు రోగుల రక్తంలో పెరగడం చూసి వెలుగులోకి తెచ్చారు. గుండెలోనూ కండలోనూ ఉంటుంది మరి. లేవలేక పడుకున్న ఆవులో పెరిగితే కండ నలిగినందుకే కావచ్చు; పక్కన కండ ఎంజైము సి.కె. చూడందే తీర్పు చెప్పకూడదు. రక్తం చెడి ఎర్రబారిన శాంపిల్‌లోనూ పెరుగుతుంది. ఎండాకాలం శాంపిల్‌ను బండి డిక్కీలో పెట్టి ఊరంతా తిప్పితే అదే జరుగుతుంది.

ఆల్కలైన్ ఫాస్ఫటేస్: కూనల్లో ఎముక పెరుగుదల వల్ల ఎక్కువ. కుక్కకు స్టిరాయిడ్ సూదులు పడితే ఎగబాకుతుంది, చర్మం దురదకు ఏం వాడారో ముందే అడగాలి. పిల్లిలో ఇది గంటల్లో కరిగిపోతుంది గనక కొద్దిగా పెరిగినా పట్టించుకోవాలి. ఇ.డి.టి.ఎ. ట్యూబులో తీసిన రక్తంలో తప్పుగా తక్కువ చూపిస్తుంది.

బిలిరుబిన్: ఇది పెరిగితే కామెర్లు. రక్తకణాలు పగిలినా పెరుగుతుంది. బబీసియా అనే పిడుదు జబ్బులో జరిగేది అదే, కాబట్టి హిమోగ్లోబిన్ చూడాలి. మేత మానిన గుర్రంలో రోగం లేకుండానే పెరుగుతుంది.

బైల్ యాసిడ్స్: మామూలు కాగితంలో ఉండదు, అడిగితేనే చేస్తారు. పరగడుపున ఒకసారి, తిన్న 2 గంటలకు ఒకసారి రక్తం తీస్తారు. కుక్క కాలేయం పనితీరును సూటిగా అడిగే పరీక్ష ఇది. కామెర్లు కాలేయం వల్లేనని తేలాక మాత్రం దీనికి పెట్టే డబ్బు వృథా, అల్ట్రాసౌండ్‌కు పెడితే నయం.