సుంకం గుమ్మంలో కలంకారీ

పోయిన సంక్రాంతి వెళ్ళాక, లండను దగ్గర ఉంటున్న మా పెద్దమ్మాయికి ఒక కలంకారీ తెర పంపుదామని బుద్ధి పుట్టింది. కొత్త ఇల్లు కొనుక్కున్నారు, హాల్లో గోడ బోసిగా ఉందట. మన శ్రీకాళహస్తిలో ఉంటూ గోడ బోసిగా ఉందని వింటే ఊరుకోబుద్ధవుతుందా? నాలుగిళ్ళు తిరిగి, ఎర్రంచు మధ్య కల్పవృక్షం రాసిన తెర ఒకటి ఎంచి, పాత పంచెలో చుట్టి పార్సిలు ఆఫీసుకు పట్టుకెళ్ళాను.

అక్కడి కుర్రాడు కాగితం తీసి, తెర విప్పి చూసి, తల గోక్కున్నాడు.

"ఇది గుడ్డా మా, బొమ్మా? ఏమని రాసేది?"

"రెండూ నాయనా" అన్నాను.

"రెండూ అని రాసేదానికి గడి లేదు మా."

నాకు నవ్వొచ్చింది గాని, వాడన్నదీ నిజమే. దేశదేశాల కస్టమ్స్ వాళ్ళు సరుకులన్నిటికీ నంబర్లు వేసుకున్నారు. చేత్తో వేసిన చిత్రాలకు ఒక అధ్యాయం ఉంది. కాని చేత్తో బొమ్మలు వేసి అలంకరించిన తయారీ వస్తువు అందులోకి రాదని కూడా అక్కడే రాసి పెట్టారు. చివరికి 'గుడ్డ' అనే రాయించాను. పార్సిలు ఆ దేశం చేరి పదకొండు రోజులు గోడౌనులో కూర్చుంది. అమ్మాయి ఫోను చేసి, "సుంకం కట్టి విడిపించుకున్నాం అమ్మా, నువ్వు వెయ్యి పంపితే వాళ్ళు మరింత తీసుకున్నారు" అని నిష్ఠూరమాడింది. నాకూ కష్టమనిపించింది. తరువాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, మా పార్సిలు అదృష్టవంతురాలని. రెండున్నర శతాబ్దాల కిందట ఇలాంటి తెరే ఆ దేశపు గుమ్మంలో పట్టుబడితే ఒక ఇల్లాలు కంటతడి పెట్టిందట. ఆ కథ చెప్పేముందు అసలు ఈ గుడ్డ సంగతి కాస్త చెప్పాలి.

మన ఊళ్ళో పాతవాళ్ళు దీన్ని వ్రాతపని అనేవారు. అచ్చు కొట్టేది బందరు పక్క పెడన తరహా. మనది కలంతో గీసేది. వెదురుపుల్ల కొసకు ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగించి కట్టిందే కలం. ముందు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలు లేకపోతే సిరా పాకిపోతుంది. తుప్పు పట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం గుడ్డ మీది కరక్కాయను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎరుపు కావలసిన చోట కలంతో పటికనీళ్ళు పూస్తారు, అక్కడ పెద్ద రంగేమీ కనబడదు. తరువాత చిరివేరు వంటి వేళ్ళ కషాయంలో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా మరక స్వర్ణముఖి వంటి ఏటినీటిలో జాడిస్తే, ఎండలో ఆరేస్తే పోతుంది. కాఫీ డికాక్షను మరక వదిలించలేక అవస్థపడే మనకు ఇందులో ఎంత పనితనం ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

ఐరోపావాళ్ళు పిచ్చెత్తిపోయింది సరిగ్గా ఇక్కడే. వాళ్ళకు ఉన్నీ ఉంది, పట్టు ఉంది. నూలుగుడ్డ మీద ఉతికినా పోని రంగు వేయడం మాత్రం పదిహేడో శతాబ్దంలో వాళ్ళకు తెలియదు. మన గుడ్డ ఉతికేకొద్దీ నిగ్గు తేలేది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఓడలెక్కిన పూలగుడ్డలు ఎక్కువగా బందరు నుంచి పులికాట్ దాకా ఉన్న కోస్తా పల్లెల్లో రాసినవి. మన కాళహస్తి పని ముఖ్యంగా గుడి తెరలు, రామాయణ భారత కథలు. కాని కలం ఒకటే, కరక్కాయ ఒకటే, పటిక ఒకటే.

గుడ్డతో కాకపోయినా ఇంకో దారిన మన ఊరి పేరు ఈ కథలోకి గట్టిగానే వస్తుంది. కాళహస్తి జమీందార్లు దామెర్ల వారని మీకు తెలుసుకదా. ఆ వంశంలోని దామెర్ల వెంకటాద్రి నాయకుడి ఏలుబడిలో సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పల్లె ఉండేది, మద్రాసపట్నం. డచ్చివారు 1610 నుంచే పులికాట్‌లో పాతుకుపోయి, మన గుడ్డలు తూర్పు దీవులకు పట్టుకెళ్ళి మిరియాలూ లవంగాలూ తెచ్చుకుంటున్నారు. ఇంగ్లీషువాళ్ళు 1626లో దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు గాని అక్కడ సుఖపడలేదు. వాళ్ళ మనిషి ఫ్రాన్సిస్ డే తీరం వెంట వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్ళి, మద్రాసపట్నం దగ్గర గుడ్డ నూటికి ఇరవై వంతులు చవకగా దొరుకుతుందని తనవాళ్ళకు చెప్పాడు. ఒక మహానగరం పుట్టడానికి గుడ్డ బేరం కారణమంటే నమ్మండి!

1639లో నాయకుడు కౌలు రాసిచ్చాడు. కోట కట్టుకోవచ్చు. రేవు రాబడిలో సగం కంపెనీకే. ఆ రేవులో కంపెనీ సరుకు ఎక్కినా దిగినా ఎప్పటికీ సుంకం లేదు. నాయకుడి సీమలోంచి తీసుకుపోతే మాత్రం ఇతర వర్తకులు ఇచ్చేదాంట్లో సగం ఇస్తే చాలు. బదులుగా ఆయన ఏం ఆశించాడంటే పర్షియా నుంచి మంచి గుర్రాలు, తన మనుషులను ఏటా వాళ్ళ ఓడలో బంగాళాఖాతం పైకి పంపి డేగలూ కోతులూ చిలకలూ కొనుక్కునే వీలు, పొరుగువాళ్ళు మీద పడితే ఆ కోటలో తలదాచుకునే ఆశ. చిలకల మాట చదివినప్పుడు నవ్వుకున్నాను. కాని చుట్టూ యుద్ధాలతో ఉన్న చిన్న పాలకుడికి గుర్రమూ కోటా ప్రాణావసరాలు. ఆయనను మరీ తప్పు పట్టలేం.

విదేశీ వర్తకుణ్ణి ఆదరించడం తెలుగువాళ్ళకు అప్పటికే పాత అలవాటు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. పగిలిన ఓడ సరుకును రాజు లాక్కోడు, ఎగుమతికీ దిగుమతికీ సుంకం ముప్ఫయ్యో వంతు మాత్రమే అని. గణపతిదేవుడు సుంకం తగ్గించాడు గాని మానలేదు. దామెర్ల నాయకుడు మానేశాడు. ఆ తేడా చిన్నదేమీ కాదు.

మరి అవతలి గుమ్మం? అక్కడ మొదట్లో తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. చీరల కొట్లో మనం "ఈ పువ్వే, నేల మాత్రం తెల్లగా ఉండాలి" అంటామే, లండను పెద్దలు 1643లో సూరతులోని తమవాళ్ళకు అచ్చం అలాగే రాశారు. ఎర్రనేల వద్దు, తెల్లనేల మీద రంగు పూలు కావాలని. ముందు దుప్పట్లు, తెరలు. తరువాత గౌన్లు. దొరసానులు కట్టారు, వాళ్ళ పనిపిల్లలూ కట్టారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. 1686లో ఫ్రాన్సు రంగుగుడ్డలను నిషేధించింది. 1700లో ఇంగ్లండు చట్టం చేసింది. మన దేశం నుంచీ, పర్షియా, చైనాల నుంచీ వచ్చే రంగుగుడ్డలు ఓడ దిగవచ్చు, కాని గోడౌనులో తాళం వేసి ఉంచి మళ్ళీ వేరే దేశానికి పంపేయాలి. ఇంగ్లండులో ఎవరూ కట్టకూడదు. ఇంత చేసినా మోజు తగ్గలేదు. తెల్లగుడ్డ తెప్పించుకుని అక్కడే అచ్చు వేసుకున్నారు. 1719లో లండను నేతగాళ్ళు వీధుల్లో పడి, పూలగౌను కట్టిన ఆడదాని ఒంటిమీదే గుడ్డ చింపారు, సిరా చల్లారు, యాసిడ్ కూడా చల్లారు. ఆకలి నిజమే కావచ్చు. వాళ్ళకు దొరికింది మాత్రం బజారుకొచ్చిన ఆడవాళ్ళు! 1721లో ఇంకో చట్టం వచ్చింది. కట్టుకుంటే 5 పౌన్ల జరిమానా, ఇంట్లో తెరకో కుర్చీకో వాడితే 20 పౌన్లు.

ఇప్పుడా ఇల్లాలి కథ. డేవిడ్ గారిక్ లండనులో గొప్ప నటుడు. భార్య ఎవా మరియా, వియన్నా నుంచి వచ్చిన నర్తకి. కలకత్తాలోని ఇంగ్లీషు వర్తకుల నాటకశాలకు గారిక్ సాయం చేశాడని, వాళ్ళు కృతజ్ఞతగా మంచానికి పూలతెరలు పంపారు. మన బందరు పని. తెల్లనేల మీద మెలికలు తిరిగిన చెట్లు, పువ్వులు. 1775లో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుని లోపల పెట్టేశారు. ఆవిడ అప్పటికే ఆ తెరలకు నప్పేలా గది గోడకాగితం, కుర్చీలు అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది! గారిక్ ఖజానా కార్యదర్శికి ఉత్తరం రాశాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లికైనా ఇంత దుఃఖం ఉండదని, హాస్యమూ బతిమాలుకోవడమూ కలిపి. చివరికి తెరలు ఇల్లు చేరాయి. ఆ మంచమూ తెరలూ ఇప్పుడు లండను విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం సొత్తు. ఆవిడ పేరు మిగిలింది, ఉత్తరం మిగిలింది. ఆ చెట్టుకు పటిక పూసిన చేయి ఎవరిదో మాత్రం ఏ కాగితమూ రాసుకోలేదు.

చట్టం 1774లోనే సడలించారు కదా అంటారేమో. సడలింపు వాళ్ళ సొంత నూలుగుడ్డకు. అంచులో మూడు నీలిదారాలు ఉంటే అది ఇంగ్లండు నేత అని గుర్తు. మన గుడ్డకు తలుపు అప్పుడూ మూసే ఉంది. తలుపు వెనక యాభై ఏళ్ళు వాళ్ళు రంగులు నేర్చుకున్నారు, యంత్రాలు పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో అదే పూలగుడ్డ అచ్చులో, చవకలో, మన సంతలకే వచ్చి పడింది. వచ్చేటప్పుడు దానికి మన గుమ్మంలో పెద్ద అడ్డేమీ లేదు.

కాళహస్తిలో ఇరవయ్యో శతాబ్దం నడిమికి కలం పట్టేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారిని గురువుగా కూర్చోబెట్టారు. ఈనాడు ఊళ్ళో వీధి వరండాల్లో కలం పట్టుకున్నవాళ్ళలో ఆడపిల్లలే బోలెడంత మంది. నేను తెర కొన్నది కూడా అలాంటి ఒక అమ్మాయి దగ్గరే. మూలన పేరు రాయమంటే సిగ్గుపడింది, చివరికి రాసింది.

దసరాకు చిన్నమ్మాయికి ఒకటి పంపాలి. పార్సిలు ఆఫీసు కుర్రాడు ఈమధ్య నన్ను వీధిలో చూసినా "ఈసారీ గుడ్డేనా మా?" అంటున్నాడు.