ఆ కొండ ఎవరిది?

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో చదువుకుంటున్నాడు. పోయిన దసరా సెలవుల్లో అన్న నా కోసం కొన్ని ఫోటోలు పంపించాడు. ఎర్రటి కొండలు, పసుపు బండలు, దూరంగా ఒక నీలి కొండ. దాని తల ఎవరో కత్తితో కోసేసినట్టు చదునుగా ఉంది. "దీన్ని ఓకీఫ్ సీమ అంటారు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేశాం" అని రాశాడు. ఓకీఫ్ అంటే అక్కడి పాత రాజు పేరేమో అనుకున్నాను. కాదట, ఆమె ఒక చిత్రకారిణి. బొమ్మలు వేసినామె పేరుతో ఒక సీమనే పిలుస్తారా అని ఆశ్చర్యమేసింది. అందుకే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

జార్జియా ఓకీఫ్ 1887లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టింది. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద పువ్వుల బొమ్మలు వేసి పేరు తెచ్చుకుంది. 1929లో వేసవి గడపడానికి న్యూ మెక్సికో రాష్ట్రానికి వచ్చింది. అక్కడి వెలుతురు, పొడి గాలి, విశాలమైన నేల ఆమెకు ఎంత నచ్చాయంటే, తర్వాత చాలా వేసవులు అక్కడే గడిపింది. కారు నడపడం నేర్చుకుని ఒక ఫోర్డ్ కారు కొనుక్కుంది. బయట ఎండ మండిపోతుంటే ఆ కారులోనే కూర్చుని బొమ్మలు వేసేది. ఎడారిలో దొరికిన పశువుల ఎముకల్ని పీపాలో పెట్టి న్యూయార్క్‌కు పంపించుకుని వాటినీ గీసింది. 1931లో వేసిన ఆవు పుర్రె బొమ్మ ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

అన్న వాళ్లు శాంటా ఫే నగరం నుంచి బయలుదేరారు. చామా నది వెంబడి రోడ్డు పోతుంది. దారిలో అబిక్యూ అనే చిన్న ఊరు వస్తుంది. అది దాటాక ఘోస్ట్ రాంచ్, అంటే దయ్యాల రాంచ్. పూర్వం పశువుల దొంగలు జనం అటు రాకుండా దయ్యాల కథలు పుట్టించారని చెప్తారు. 1940లో ఓకీఫ్ అక్కడ ఒక ఇల్లు కొన్నది. చుట్టూ ఉన్న కొండల్లో రంగులు పొరలు పొరలుగా ఉంటాయి. కింద ఉన్న ఎర్ర పొర 20 కోట్ల ఏళ్ల కంటే పాతది. మట్టిలోని ఇనుముకు తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. 1947లో అక్కడే కోలోఫైసిస్ అనే చిన్న డైనోసార్ల ఎముకలు గుట్టలుగా దొరికాయి.

ఇక్కడిదాకా రాసి మా చరిత్ర సార్‌కు చూపించాను. సార్ చదివి ఒక్క ప్రశ్న అడిగారు. "బాగుందమ్మా. మరి ఆ ఊళ్లో మనుషులు లేరా?"

నాకు జవాబు తెలియలేదు. ఇంటికొచ్చి ఓకీఫ్ వేసిన కొండల బొమ్మలు మళ్లీ చూశాను. ఏ బొమ్మలోనూ మనిషి లేడు. అది తప్పు కాదు, ఆమె గీయాలనుకున్నది నేలను, ఆకాశాన్ని. కానీ ఆ బొమ్మలు చూసి అక్కడ అసలు ఎవరూ లేరనుకుంటే అది మన తప్పు. నేను సరిగ్గా ఆ తప్పే చేశాను.

అక్కడ మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు. అబిక్యూ దగ్గర టేవా జాతి పూర్వీకులు కట్టుకున్న పెద్ద ఊరి శిథిలాలున్నాయి. వాళ్లు కొలంబస్ అమెరికాకు రాకముందే అక్కడ ఇళ్లు కట్టుకుని, వ్యవసాయం చేసుకుని బతికారు. తర్వాత స్పెయిన్ వాళ్ల పాలన వచ్చింది. ఆ కాలంలో వేర్వేరు తెగల పిల్లల్ని, ఆడవాళ్లను యుద్ధాల్లో పట్టుకుని, స్పానిష్ ఇళ్లలో పనివాళ్లుగా పెంచేవాళ్లు. వాళ్లను, వాళ్ల పిల్లల్ని హెనీసరోలు అనేవాళ్లు. 1754లో గవర్నర్ అబిక్యూ భూమిని హెనీసరో కుటుంబాలకు ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. అది సరిహద్దు ఊరు, దాడులు జరిగితే మొదట అడ్డు నిలబడాల్సింది వాళ్లే. వాళ్ల సంతతి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. తాతముత్తాతల భాషలు పోయి స్పానిష్ మిగిలింది. 2007లో న్యూ మెక్సికో శాసనసభ హెనీసరోలను మూలవాసులుగా గుర్తించింది. మరాఠీ మాట్లాడే ఊళ్లో తెలుగు బడికి పోయే నేను ఈ సంగతి రెండుసార్లు చదివాను.

1945లో ఓకీఫ్ అబిక్యూలో పాడుబడిన ఒక మట్టి ఇల్లు కొన్నది. దయ్యాల రాంచ్‌లో కూరగాయలు పండించుకునేంత నీళ్లు లేవు. అబిక్యూలో ఊరందరూ వంతులవారీగా వాడుకునే కాలువ ఉంది. ఆ కాలువ నీళ్లతోనే ఆమె తోట పెంచింది. ఇంటిని బాగుచేయడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. గోడలకు మట్టి పూత పెట్టింది అక్కడి ఆడవాళ్లు, అదీ ఉత్త చేతులతో. ఓకీఫ్ ఈ సంగతి దాచలేదు, గొప్పగా చెప్పుకుంది. ఊరి పిల్లల కోసం వ్యాయామశాల కట్టడానికి డబ్బు సాయం కూడా చేసింది. కాబట్టి ఆమె ఆ ఊరిని మర్చిపోయిందని నేను అనను. మర్చిపోయింది చూసి వచ్చేవాళ్లం.

మాది సోలాపూర్. మా తాత ముప్పై ఏళ్లు కార్ఖానాలో నూలుకు రంగు పట్టించాడు. ఇప్పటికీ తాత గోళ్ల అంచున నీలం మరక ఉంటుంది. సోలాపూర్ చాదర్ అంటే దేశమంతా తెలుసు. దాని మీద కంపెనీ చీటీ ఉంటుంది గానీ, తాత పేరు ఉండదు. ఈ విషయం తాతతో అంటే నవ్వి, "రంగు పోకుంటే చాలు బిడ్డా, అదే నా పేరు" అన్నాడు. తాతకు అది చాలేమో, నాకు చాలలేదు.

ఇక ఆ నీలి కొండ సంగతి. దాని పేరు పెడర్నాల్. ఓకీఫ్ దాన్ని ఎన్నోసార్లు గీసింది. ఎక్కువసార్లు గీస్తే ఆ కొండ నీకే ఇస్తానని దేవుడు తనతో అన్నాడని సరదాగా చెప్పేది. 1986లో 98 ఏళ్ల వయసులో ఆమె చనిపోయాక, చితాభస్మాన్ని ఆ కొండ మీదే చల్లారు.

పెడర్నాల్ అంటే స్పానిష్‌లో చెకుముకి రాయి. టేవా భాషలో ఆ కొండ పేరుకు కూడా దాదాపు అదే అర్థం, పెచ్చులు ఊడే రాయి ఉన్న కొండ అని. వేల ఏళ్లపాటు మనుషులు ఆ కొండ ఎక్కి, రాయి తెచ్చి, పెచ్చులు కొట్టి కత్తులు, బాణం ములుకులు చేసుకున్నారు. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. కానీ వాళ్లు చేసిన పని కొండ పేరులోనే నిలిచి ఉంది.

అన్న పంపిన ఫోటోను ప్రింట్ తీయించి నా పుస్తకంలో అంటించాను. కింద మొదట "ఓకీఫ్ కొండ" అని రాశాను. సార్ ప్రశ్న విన్నాక దాన్ని కొట్టేయలేదు. దాని పైన "చెకుముకి రాళ్ల కొండ" అని రాసి, ఓకీఫ్ పేరు రెండో వరుసలో ఉంచాను.