పెద్దమనుషుల ఒప్పందం – మన తాలూకాల సంతకాలు



ప్రత్యేక సంచికకు పాత సంగతులు ఏవైనా రాయమని కార్యదర్శి గారు కోరినారు. 1967లో ఎల్.డి.సి.గా చేరి 2005లో పదవీ విరమణ చేసినాను. సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిచింది. కనుక నాకు తెలిసిన చరిత్ర సర్వీసు రిజిష్టర్లలోని చరిత్రే. అందులో ముఖ్యమైనది 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ తరువాత పరిపాలన నడపడానికి బయటి ప్రాంతాల నుంచి అధికారులు, గుమాస్తాలు పెద్ద ఎత్తున వచ్చినారు. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ముల్కీ నిబంధనలు నిజాం కాలం నుంచే ఉన్నాయి. అయినా అవి సరిగా అమలు కావడం లేదని 1952లో విద్యార్థులు ఆందోళనకు దిగినారు. హైదరాబాదులో కాల్పులు కూడా జరిగినవి. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని సూచించింది. కాని విలీనం వైపే మొగ్గు చూపినారు. తెలంగాణ వారి భయాలు పోగొట్టడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది.

ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు, తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు సంతకాలు చేసినారు. ఈ ఎనిమిది మందిలో ఇద్దరు మనకు బాగా తెలిసినవారు. చెన్నారెడ్డి గారు 1952లోను, 1957లోను వికారాబాదు నుంచి, ఆ పిమ్మట తాండూరు నుంచి శాసనసభకు ఎన్నికైనారు. ఆయన మేనమామ రంగారెడ్డి గారి పేరే 1978లో ఏర్పడిన మన జిల్లాకు పెట్టినారు. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గారే. మరొక విశేషం, తాండూరు తాలూకా అంతకుముందు గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతోనే అది మనతో కలిసింది. అంటే తాండూరు వారు ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెట్టిందే ఈ ఒప్పందం నీడన.

ఒప్పందంలో ఏమున్నది? తెలంగాణ ఆదాయంలో మిగులును తెలంగాణలోనే ఖర్చు చేయాలి. మంత్రివర్గంలో పదవులు 60, 40 నిష్పత్తిలో ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. కింది స్థాయి ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం వంటి నియమం పెట్టాలి. మాటలన్నీ బాగున్నవి. కాని మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేకుండా పోయింది. కొన్నేళ్ళకు రంగారెడ్డి గారికి ఆ పదవి ఇచ్చినారు. మిగులు నిధుల లెక్క కూడా తేలలేదు. 1969లో కుమార్ లలిత్ గారు 34 కోట్ల 10 లక్షలని తేల్చితే, తరువాత భార్గవ కమిటీ 28 కోట్ల 34 లక్షలన్నది. ఉద్యోగాలకు మాత్రం 1957లో పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద 1959లో వచ్చిన నిబంధనల ప్రకారం పదిహేనేళ్ళ నివాసం ఉండాలి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. 1969 జనవరిలో ఉద్యమం రాజుకున్నది. 19వ తేదీన అఖిలపక్ష ఒప్పందం కుదిరింది. స్థానికులకు రిజర్వు చేసిన పోస్టుల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి నెలాఖరులోగా పంపివేయాలని ఉత్తర్వులు వచ్చినవి. ఆ జాబితా రాసే పని మా సెక్షన్‌లో నాకు పడ్డది.

మా ఆఫీసులో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన యు.డి.సి. ఒకరుండేవారు. నాకంటే పెద్దవారు, పని నేర్పినవారు. మధ్యాహ్నం నా జొన్నరొట్టె ఆయన, ఆయన గోంగూర పచ్చడి నేను పంచుకుని తినేవాళ్ళం. పెళ్ళయిన మరుసటి ఏడు 1957లో ఇటు వచ్చినామని ఆయనే పలుమార్లు చెప్పినారు. 1963లో ఉద్యోగంలో చేరినారు. కాని ఫైలులో ఆయన డొమిసైల్ సర్టిఫికెట్ పదిహేనేళ్ళ నివాసం అంటున్నది!

కలం పట్టుకుని కూర్చున్నాను. ఆయనే దగ్గరకు వచ్చి, “రాయవలసింది రాయండి బాబూ, నేనేమీ అనుకోను” అన్నారు. హెడ్‌క్లర్కును అడిగితే, “కాగితంల ఏమున్నదో అది రాయి. నువ్వేమన్న పోలీసోనివా?” అన్నాడు. ‘స్థానికుడు’ అని రాసినాను.

ఆ రోజుల్లోనే మా పక్క ఊరి పిల్లవాడొకడు మెట్రిక్ పాసై, “ఖాళీ ఏమన్న ఉన్నదా అన్నా?” అని వారం వారం ఆఫీసుకు వచ్చి అడిగి పోయేవాడు. “లేదు తమ్మీ” అని పంపేవాడిని. ఒప్పందాన్ని పైవాళ్ళు తుంగలో తొక్కినారని మనం ఎన్నో సభల్లో అన్నాము. అది నిజమే. కాని ఆ తొక్కిన వాళ్ళలో నేనూ ఒకడిని. స్నేహం కోసం తొక్కినాను. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ గుర్తే.

తరువాతి కథ మీలో చాలామంది అనుభవించినదే. ఆ మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని నివాస నియమాన్ని కొట్టివేసింది. జూన్‌లో కె.ఆర్. ఆమోస్ గారి నాయకత్వాన ఎన్జీవోలు సమ్మె చేసినారు. ఒప్పందంపై సంతకం చేసిన చెన్నారెడ్డి గారే తెలంగాణ ప్రజాసమితికి నాయకులైనారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాసమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచి, ఆ ఏడే కాంగ్రెసులో కలిసిపోయింది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే ఆంధ్రలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడి ఉద్యోగుల బాధ వారిది. రాజధాని ఉద్యోగాల్లో తమకు చోటు లేదా అని వారి ప్రశ్న. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, ఆ ఉత్తర్వును ఉల్లంఘించి చేసిన నియామకాలు సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610 జి.ఓ. వచ్చినవి. 610ని 1986 మార్చి నెలాఖరులోగా అమలు చేయాలన్నారు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసే నాటికి కూడా అది పూర్తి కాలేదు.

1995లో బోస్నియా యుద్ధం ఆపిన డేటన్ ఒప్పందం గురించి మీరు చదివే ఉంటారు. అక్కడా పదవులు వర్గాల వారీగా పంచుకున్నారు, తగాదాలు తీరలేదు. అయితే అమలును చూడడానికి ఒక ఉన్నత ప్రతినిధిని నియమించినారు. మన ఒప్పందంలో ఏమి చేయాలో ఉన్నది. చేయకపోతే ఎవరు అడగాలో లేదు. 1958లో వేసిన తెలంగాణ ప్రాంతీయ సంఘం సిఫారసులు చేసేది, అంతకుమించి చేయగలిగింది తక్కువ. ఆరు సూత్రాలతో ఆ సంఘం కూడా రద్దయింది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఐనా స్థానికత ప్రశ్న పోలేదు. 2018 ఉత్తర్వులో మన వికారాబాదు జిల్లాను జోగులాంబ జోన్‌లో పెట్టినారు. జనం అడగగా 2021లో చార్మినార్ జోన్‌కు మార్చినారు. అడిగినందువల్లనే మారింది, ఇది గమనించండి.

నా మిత్రుడు ఇక్కడే రిటైరై, ఇక్కడే కన్నుమూసినారు. ఆయన పిల్లలు వికారాబాదు బడిలో చదివి, 1975 ఉత్తర్వు ప్రకారం నిఖార్సయిన లోకల్ అయినారు. ఆయన మనుమలు నన్ను తాతయ్యా అంటారు. మెట్రిక్ పాసైన ఆ పిల్లవాడు ఏమైనాడో నాకు తెలియదు.

మన పిల్లల్లో ఇప్పుడు ఆఫీసుల్లో ఉన్నవారికి ఒక్క మాట. ఒప్పందాలు ఢిల్లీలో రాస్తారు, అవి నిలిచేది మాత్రం మీ బల్ల మీద. జాబితాలో పేరు రాసేటప్పుడు ఎదుట కూర్చున్న వారితోపాటు గుమ్మం బయట నిలబడ్డ వారిని కూడా తలచుకోండి.

సెలవు.