చూడ్డానికి వెళ్ళినవాడు

దాచేపల్లి చుట్టుపక్కల ఏ మిరప కల్లంలోనైనా నిలబడి స్పెయిన్ అనే మాట ఎత్తితే నవ్వుతారు. ఎక్కడి స్పెయిను, ఎక్కడి పల్నాడు! కానీ ఆ కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయ పుట్టుపూర్వోత్తరాలు విప్పితే స్పెయినే బయటపడుతుంది. 1492 జనవరి 2న గ్రెనడాను చివరి ముస్లిం సుల్తాను స్పెయిన్ రాజదంపతులకు అప్పగించాడు. ఆ రాజదంపతుల అండతోనే అదే ఏడాది కొలంబస్ ఓడ ఎక్కాడు. ఆ ఓడల వెనకాలే మిరపకాయ యూరప్‌కు వచ్చింది. పోర్చుగీసు వాళ్ళ చేతుల మీదుగా మన తీరాలకు చేరింది. ఇవాళ గుంటూరు మిర్చి అంటే అది ఇక్కడిదే. నువ్వెక్కడి నుంచి వచ్చావని దాన్నెవరూ అడగరు. ఆ ప్రశ్న మాకే అట్టిపెట్టారు.

ఉర్దూ చదివే ఇళ్ళలో స్పెయిన్‌కు ఇంకో పేరుంది. అందులుస్. ఆ పేరు చెబితే ఏడవాలి. 1879లో హాలీ రాసిన ముసద్దస్‌లో అందులుస్ శిథిలాలున్నాయి. షరర్ నవలల్లో అందులుస్ ఉంది. 1933 జనవరిలో ఇక్బాల్ లండన్ రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని స్పెయిన్ వెళ్ళాడు. 1236లోనే చర్చిగా మారిపోయిన కొర్డోబా మసీదులో నమాజు చేశాడు. ఆ మసీదు మీద ఆయన రాసిన కవిత 1935లో 'బాల్-ఎ-జిబ్రీల్' సంపుటిలో వచ్చింది. గొప్ప కవితే, కాదనను. అయితే ఆ తరవాత స్పెయిన్ వెళ్ళిన ప్రతి ఉర్దూవాడూ అదే స్తంభాల దగ్గర అదే కన్నీటితో నిలబడటం మొదలెట్టాడు. వీధిలో తిండి ఎలా ఉందో, సత్రంవాడు ఎంత గుంజాడో, దారి తప్పి ఎవరింటి ముందు తేలాడో రాసేవాళ్ళు తక్కువైపోయారు.

ఇక్కడ నాకో సందేహం. పల్నాడులో పత్తి ఏకి బతికిన దూదేకుల వాళ్ళ పెద్దలెవరూ గ్రెనడాలో రాజ్యం చెయ్యలేదు. మా సాయిబుల్లో చాలామందికి ఈ నల్లరేగడే తాతల కాలం నుంచీ తెలిసిన నేల. పోయిన రాజ్యం మాది కాదు. మరి ఆ ఏడుపు మా నెత్తికెందుకు ఎత్తారు? పోగొట్టుకున్న రాజుల వారసులుగా మమ్మల్ని మేమే చెప్పుకుంటే, దండెత్తి వచ్చిన రాజుల వారసులని అనేవాళ్ళకు పని సులువవుతుంది. రెండు మాటలూ ఒక అచ్చులోవే.

నవ్వే యాత్రికుడు తెలుగువాళ్ళకున్నాడు. బారిస్టర్ పార్వతీశం. మొగల్తూరు నుంచి సీమకు చదువుకని బయల్దేరి అడుగడుక్కీ అభాసుపాలై, ఆ కథంతా తనే మనకు చెప్పి నవ్వించిన కుర్రాడు. స్కూల్లో ఉన్నప్పుడు మేమూ పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. పార్వతీశం తన మీద తను నవ్వుకోగలడు. అతను ఈ దేశంవాడా కాదా అని ఏ పాఠకుడికీ అనుమానం రాదు గనక. అనుమానంలో బతికేవాడికి నవ్వు ఖరీదైన వ్యవహారం. ఒకటికి పదిసార్లు తూచుకుని నవ్వాలి.

అయినా నవ్వినవాడు మాకూ ఒకడున్నాడు. పార్వతీశం కన్నా దాదాపు తొంభై ఏళ్ళ ముందే. కల్పిత పాత్ర కూడా కాదు, నిజం మనిషి. పేరు యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. కంబల్‌పోష్ అంటే గొంగళి కప్పుకునేవాడు. సొంతవూరు హైదరాబాదు. 1828లో ఊరు వదిలాడు. తిరిగిన ఊళ్ళ పట్టీని పుస్తకం మొదట్లోనే ఇచ్చాడు. పాట్నా, ఢాకా, మచిలీబందరు, మద్రాసు, గోరఖ్‌పూర్, నేపాల్, ఆగ్రా, ఢిల్లీ, ఆఖరికి లక్నో. మన బందరు ఆ వరసలో ఎంత మామూలుగా కూచుందో చూడండి. లక్నోలో నవాబు నసీరుద్దీన్ హైదర్ కొలువులో చేరి, సైన్యంలో సుబేదారయ్యాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. రెండేళ్ళు సెలవు పెట్టి 1837 మార్చి 30న కలకత్తాలో ఓడెక్కాడు.

ఎందుకెళ్ళాడు? హజ్‌కు కాదు. వకాలత్‌కూ కాదు, వ్యాపారానికీ కాదు. ఊరికే చూడ్డానికి. సైర్ అంటారు ఉర్దూలో. ఆ ముక్క దాచుకోకుండా రాసుకున్నాడు. మతమేమిటంటే సులేమానీ మతమన్నాడు. ఏ మౌల్వీ దగ్గరా దొరకని మతం అది. లండన్ నాటకశాలలు, పారిస్ వీధులు, తాగుడు, అందగత్తెలు ఏదీ వదల్లేదు. కళ్ళప్పగించి చూశాడు, చూశానని రాశాడు. తిరుగుదారిలో జిబ్రాల్టర్ దాటి, మాల్టా, ఈజిప్టు మీదుగా బొంబాయి చేరాడు. జిబ్రాల్టర్ పేరే అరబ్బీ. జబల్ తారిఖ్, తారిఖ్ కొండ. 711లో స్పెయిన్ మీదికి వెళ్ళిన సేనాని తారిఖ్ పేరు. తరవాతి తరాల ఉర్దూ యాత్రికులకు కన్నీళ్ళు మొదలయ్యే చోటది. మన గొంగళివాడికి అది దారిలో ఒక రేవు.

ఆయన పుస్తకం 1847లో ఢిల్లీలో అచ్చయింది. 'తారీఖ్-ఎ-యూసుఫీ'. తరవాత 1873లో నవల్ కిశోర్ ప్రెస్ 'అజాయబాత్-ఎ-ఫరంగ్' పేరుతో వేసింది. ఉర్దూలో తొలి యూరప్ యాత్రాగ్రంథంగా దాన్నే చెబుతారు. 2014లో ఇంగ్లీషులోకీ వెళ్ళింది.

తెలుగులో తొలి యాత్రాగ్రంథమనగానే మనం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చెబుతాం. న్యాయమే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఆ పెద్దమనిషి 1830 మే 18న బయల్దేరి, హైదరాబాదు మీదుగా కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో కందిపప్పు ధర, బియ్యం ధర, కావటివాళ్ళ కూలీ అన్నీ రాశాడు. అది 1838లో అచ్చయింది. ఆ ఏడాదే కంబల్‌పోష్ యూరప్ నుంచి తిరిగొచ్చాడు. ఒకరు మద్రాసు నుంచి హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి, ఇంకొకరు హైదరాబాదు వదిలి బందరు, మద్రాసులు చూసుకుంటూ ఉత్తరాదికి. ఒకే దశాబ్దంలో తిరిగిన ఇద్దరు. ఒకాయన మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాడు. రెండో ఆయన పేరు తెలుగు ఎమ్మేలు చదివినవాళ్ళలో ఎంతమంది విన్నారు?

ఇది కుట్ర అని నేననను. దాచేపల్లి అవతల కృష్ణ దాటితే వాడపల్లి. హైదరాబాదు మధ్య నుంచి పారే మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. 1947 దాకా అవతలి ఒడ్డు నిజాం రాజ్యం, ఇవతలి ఒడ్డు ఇంగ్లీషువాడి గుంటూరు జిల్లా. అటు ఉర్దూ కచేరీ భాష, ఇటు వంటింటి భాష. ఏటి నీళ్ళు కలిశాయి గాని పుస్తకాలు కలవలేదు. అటు ఉర్దూవాళ్ళూ ఈయన్ని నెత్తిన పెట్టుకోలేదు. తాగాననీ, ఆడవాళ్ళను చూశాననీ రాసినవాణ్ణి కౌమ్‌కు ప్రతినిధి అని ఎలా చెప్పుకుంటారు? ఇక్బాల్ ఫొటో గోడకు తగిలించుకోవచ్చు, కంబల్‌పోష్‌ది తగిలించుకోలేరు. మాలో రకరకాల మనుషులున్నారని చెప్పే సాక్ష్యాన్ని ఇలా మేమూ పారేసుకున్నాం.

నవ్వు విషయంలో స్పెయిన్ దగ్గరే ఇంకో పాఠముంది. సెర్వాంటెస్ రాసిన డాన్ క్విక్సోట్ ఊళ్ళు తిరిగే హాస్యకథ. ఆ కథకు మూలం సిదీ హమీద్ బెనెంగెలి అనే అరబ్బు చరిత్రకారుడు రాసిన గ్రంథమని సెర్వాంటెస్ తమాషాగా చెబుతాడు. 1615లో వచ్చిన రెండో భాగంలో, సలమాంకాలో చదివి అప్పుడే ఊరొచ్చిన ఒక విద్యార్థి ఆ పేరు సాంకోకు చెబుతాడు. సాంకో దాన్ని బెరెన్‌హేనా అని పలుకుతాడు. అంటే వంకాయ. అరబ్బీ బాదిన్‌జాన్ నుంచి స్పెయిన్ వాళ్ళకు వచ్చిన మాట. మూర్లకు వంకాయలంటే ఇష్టమని విన్నానంటాడు పైగా. మన పేర్లను నోటికొచ్చినట్టు తిప్పి పలికే హాజరుపట్టీలు నాకు కొత్త కాదు గనక అక్కడ నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

అదే రెండో భాగంలో రికోతే వస్తాడు. సాంకో ఊళ్ళోనే అంగడి నడిపినవాడు. మొరిస్కో, అంటే బలవంతాన క్రైస్తవం పుచ్చుకున్న ముస్లింల సంతతి. వీళ్ళు స్పెయిన్‌లో పుట్టి స్పెయిన్‌లో పెరిగినవాళ్ళు. అయినా 1609 నుంచి 1614 లోపల దాదాపు 3 లక్షల మందిని విదేశీయుల కింద జమకట్టి ఓడలెక్కించారు. రికోతే తన సొంత దేశానికి జర్మనీ యాత్రికుడి వేషంలో దొంగచాటుగా తిరిగొస్తాడు. పాతిపెట్టిన డబ్బు తవ్వుకోవాలి. పొరుగువాడైన సాంకోయే ముందు గుర్తుపట్టలేదు. పట్టాక కౌగిలించుకున్నాడు. కలిసి తిన్నారు, తాగారు. డబ్బు తవ్వడానికి సాయం రానన్నాడు సాంకో. నిన్ను పట్టివ్వను కూడా అన్నాడు.

1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వమిస్తామని స్పెయిన్ 2015లో చట్టం చేసింది. మొరిస్కోల వారసులకు అలాంటి చట్టమేదీ చెయ్యలేదు. రికోతే మునిమనవడు ఇవాళ కొర్డోబా చూడాలంటే టిక్కెట్టు కొనుక్కుని, వీసా తీసుకుని, టూరిస్టుగానే వెళ్ళాలి.

కంబల్‌పోష్‌కు ఆ బాధ లేదు. సెలవిచ్చిన నవాబు 1837 జూలైలో, ఈయన ఇంకా లండన్ చేరకముందే చచ్చిపోయాడు. గద్దె మీద ఇంకొకడు కూచున్నాడు. చూడ్డానికి వెళ్ళినవాడు చూసి, తన ఊరికే తిరిగొచ్చి, తీరిగ్గా కూచుని పుస్తకం రాసుకున్నాడు.