కొవ్వు ఆమ్లాలను పసిగట్టే ఎంజైమ్ వస్త్రాలు

నూనెలో విడిపడిన కొవ్వు ఆమ్లాలను రంగు మార్పుతోనో, సన్నని విద్యుత్ ప్రవాహంతోనో తెలిపే ఎంజైమ్ పట్టించిన దారాలు, గుడ్డముక్కలు ఇవి. వీటి అవసరం ఏమిటో కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల రైస్ మిల్లుల్లో తెలుస్తుంది. బియ్యం పాలిష్ పట్టగానే తవుడులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. పొద్దున కమ్మగా ఉన్న తవుడు, ఆవిరి పట్టకుండా వదిలేస్తే, కొన్ని రోజుల్లోనే ముక్కిన వాసన వేస్తుంది. ఆమ్లాలు పెరిగిన ఆ నూనె వంటకు పనికిరాక సబ్బుల తయారీకి పోతుంది. ఆమ్లాలు ఎంత ఉన్నాయో తేల్చడానికి ఇప్పటికీ వాడే పద్ధతి పాతదే: నూనెను ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, గులాబీ రంగు నిలిచేదాకా బ్యూరెట్టుతో క్షారం పోస్తారు. నమ్మకమైన పరీక్షే, కానీ తవుడు లారీ దగ్గర నిలబడి చేసే పని కాదు.

ఎంజైమ్‌ను సెన్సార్‌కు జతచేసే ఆలోచనను 1962లో అమెరికాలో లేలండ్ క్లార్క్, లయన్స్ ముందుకు తెచ్చారు. 1967లో అప్‌డైక్, హిక్స్ గ్లూకోజ్‌కు ఎంజైమ్ ఎలక్ట్రోడ్ తయారుచేశారు. కొవ్వు ఆమ్లాలకు కావలసిన రసాయన మార్గం 1979లో జపాన్‌లో శిమిజు బృందం రక్తపరీక్ష కోసం చూపింది. అందులో ఒక ఎంజైమ్ ఆమ్లాన్ని కోఎంజైమ్-ఎకు తగిలిస్తుంది, రెండోది దాన్ని ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, ఆ పెరాక్సైడ్‌తో రంగు తేలుతుంది.

తర్వాతి మలుపు ఆధార పదార్థంలో వచ్చింది. 2007లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం కాగితంపై పరీక్షలు చూపగా, 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు నూలు దారాన్నే ద్రవం పారే కాలువగా వాడారు. 2011లో బెంగళూరుకు చెందిన అచీరా ల్యాబ్స్ పరిశోధకులు పట్టుదారాలకు పరీక్ష పదార్థాలు పట్టించి మగ్గంపై నేసిన చిప్‌లను ప్రకటించారు. వాటి లక్ష్యం రోగ నిర్ధారణే. అయినా నేతపని పరీక్షా పరికరం కాగలదని చూపడం చిన్న విషయం కాదు.

గుడ్డ చవకే, ఖర్చంతా ఎంజైమ్‌లదీ కోఎంజైమ్‌లదీ. అందుకే కోఎంజైమ్ అక్కర్లేని లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. 1947లో స్వీడన్‌లో థియోరెల్, హోల్మన్, ఒకెసన్ దీన్ని స్ఫటికరూపంలో తీసింది సోయా నుంచి. ఆదిలాబాద్ చేలల్లో విరివిగా పండే పంటా అదే. అయితే లినోలిక్, లినోలెనిక్ వంటి ఆమ్లాలే దీనికి అందుతాయి; తవుడు నూనెలో దండిగా ఉండే ఓలియిక్, పామిటిక్ దీనికి చిక్కవు. పైగా నూనె నీటిలో కలవదు కనుక, నమూనాకు సబ్బులాంటి పదార్థం చేర్చకపోతే ఎంజైమ్‌ వరకు ఆమ్లం చేరదు. దారం ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. సిరిసిల్ల మరమగ్గాలపై విస్తారంగా నేసే పాలిస్టర్ నీటిని అంతగా పీల్చదు. పత్తినూలు పీలుస్తుంది గాని, ముందు సోడా నీళ్లలో ఉడికించి దాని సహజ మైనాన్ని పోగొట్టాలి.